చెరువులో నాచు, ఊళ్లో నాచ్

మొన్న వేసవి సెలవుల్లో నేను హైదరాబాదు వెళ్లివచ్చిన సంగతి మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అందరికీ నేనే చెప్పాను. స్టాఫ్‌రూములో చెప్పాను, మంగలి కొట్లో గడ్డం గీయించుకుంటూ చెప్పాను, మా ఆవిడ పుట్టింటివాళ్ల పెళ్లి పంక్తిలో పప్పుకీ పులుసుకీ మధ్య కూడా చెప్పాను. చెరువులో నాచు పట్టిందని నేను అరిస్తే, పాతబస్తీ జనం దాన్ని 'నాచ్' అనుకుని డాన్సు చూడ్డానికి పరుగెత్తుకొచ్చారన్నది కథ. విన్నవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు పేరొచ్చింది.

ఆ కథ అబద్ధం కాదు. కాకపోతే అందులోంచి ఒక గుర్రాన్ని తీసేశాను. గుర్రం అంత జంతువును కథలోంచి తీసేయడం సులువు కాదు. అయినా ఇన్ని నెలలూ ఎవరికీ అనుమానం రాకుండా నెట్టుకొచ్చాను. దసరా సెలవుల తరువాత ఇక దాచడం కుదరలేదు. అందుకని, హైదరాబాదు చూడనివాళ్ల కోసమూ, నా నోట విని చూసినంత పనైన వాళ్ల కోసమూ, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాంపల్లిలో నా హిందీ

నేను గోదావరి జిల్లాలో ఒక హైస్కూలు హిందీ పండితుణ్ణి. పరీక్షలన్నీ ప్యాసయ్యాను. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. కాని హిందీ మాట్లాడే మనిషితో హిందీ మాట్లాడే అవకాశం అంతవరకూ రాలేదు. మా చెల్లెలు సుగుణ కాపురం హైదరాబాదులో. రమ్మని ఎన్నేళ్ల నుంచో పిలుస్తోంది. చెల్లెలి మీద ప్రేమ ఎంతో, హిందీ మీద ప్రేమా అంతే అని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

పొద్దున్నే నాంపల్లిలో దిగాను. స్టేషను బయట గుర్రబ్బళ్లు బారులు తీరి ఉన్నాయి. మా వైపు జట్కా అంటాం, అక్కడ టాంగా. మొదటి బండి దగ్గర గోరింటాకు పెట్టిన గడ్డంతో ఒక పెద్దమనిషి గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. పేరు ఖాసిం భాయ్ అని తరువాత తెలిసింది. నేను గొంతు సవరించుకుని, "కృపయా ముఝే కిషన్‌బాగ్ మే మేరీ బహన్ కే నివాస్‌స్థాన్ తక్ పహుంచాయియే" అని, మా చెల్లెలి ఇంటికి చేర్చమన్నాను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, పక్క బండివాడి వైపు తిరిగాడు.

"అరే మియా, సుననా! సాబ్ రేడియోకే జైసా బోల్‌రై!"

నా హిందీ రేడియోలో వార్తల్లా ఉందని మెచ్చుకున్నాడనుకున్నాను. ఆయన నా పెట్టె అందుకుని, "తెలుగుల చెప్పు సాబ్. నాకు తెలుగు మంచిగ వస్తది. ఏడికి, కిషన్‌బాగా? కూచో" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. దారి పొడుగునా నేను హిందీలో అడగడం, ఆయన తెలుగులో జవాబు చెప్పడం. ఇద్దరం పట్టుదల గలవాళ్లం.

గుర్రం పేరు మలాయి. అంటే మీగడ. పేరుకు తగ్గ తెలుపు. ముక్కు మాత్రం లేత గులాబి రంగు. బండి కింద ఒక బకెట్టు వేలాడుతూ కనిపిస్తే ఏమిటని అడిగాను. "దాని నీళ్లకు సాబ్. ఏడబడితే ఆడ తాగనియ్య. నల్లా నీళ్లే తాగుతది. నా బిడ్డ లెక్క పెంచిన" అన్నాడు.

దారిలో ధూల్‌పేట తగిలింది. వినాయక చవితి ఇంకా ఎంతో దూరం ఉన్నా అక్కడ పని అప్పుడే మొదలైంది. బొజ్జలు ఒక గోడకు, తొండాలు ఇంకో గోడకు ఆనించి ఎండబెట్టారు. మా ఊళ్లో పండగ ముందురోజు కుమ్మరి పుల్లయ్య మట్టి తెచ్చి గంటలో చేసిచ్చే వినాయకుణ్ణి తలుచుకుని, ఇక్కడ దేవుడికి కూడా ఎంత ముందుచూపు కావాలో అనుకున్నాను. పురానాపూల్ దాటాక చాయ్ తాగించాడు. నిండు కప్పు అడిగితే ఇవ్వరు. 'పౌనా' అనాలి, ముప్పావు కప్పు వస్తుంది. పావలాకి ఆ చాయ్ తాగి, సాసర్లో పోసుకోకుండా నేరుగా కప్పుతో తాగడం వల్ల నాలుక కాల్చుకున్నాను. ఆ రోజంతా నా హిందీలో 'ర' పలకలేదు.

కిషన్‌బాగ్ వాసన

మా చెల్లెలు మనిషి మారలేదు, మాట మారింది. గుమ్మంలోనే, "ఏంది అన్నయ్యా, గింత చిక్కినవ్?" అంది. తణుకు సంతలో బెండకాయలు బేరమాడిన పిల్ల.

"నువ్వు గోదావరి నీళ్లు తాగి పెరిగావే" అన్నాను.

"పన్నెండేళ్ల సంది నల్లా నీళ్లు తాగుతున్న గదా" అని నవ్వింది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా ఇంట్లో పులుసు అంటే పొయ్యి మీద మరిగి మరిగి చిక్కబడాలి. ఇది పొయ్యి మొహమే చూడదు. చింతపండు పిసికి, ఉల్లిపాయ తరిగి వేస్తే అయిపోయింది. మొదట మొహమాటానికి తాగాను, తరువాత గిన్నె వంచుకుని తాగాను.

బావ రాజలింగం పశువుల దవాఖానాలో కాంపౌండరు. ఒకప్పుడు మా జిల్లాలో పనిచేశాడు. అప్పుడు కుదిరిన సంబంధమే ఇది. సాయంత్రం ఆయన వచ్చేసరికి నేను ముక్కుకు కండువా కట్టుకుని కూర్చున్నాను. గాలి తిరిగినప్పుడల్లా వీధంతా ఒక వాసన. కుళ్లిన గడ్డి, చేపలు కడిగిన నీళ్లు కలిపి ఎండలో పెట్టినట్టు.

"చెరువు బావా" అన్నాడు రాజలింగం. "పది దినాల సంది గిట్లనే. నీళ్లు పచ్చగైనయ్. చాపలు చస్తున్నయ్. నిన్న ఒక బర్రె గూడ సచ్చింది."

"నీళ్లు పచ్చబడితే చేపలు బలుస్తాయి కదయ్యా. మా వైపు చెరువులు పచ్చగా లేకపోతేనే బెంగపడతాం."

"గా పచ్చ వేరు, గీ పచ్చ వేరు. రేపు చూస్తువు గని."

చెరువు గట్టు మీద భాషా వివాదం

మర్నాడు పొద్దున్నే బావ వెంట వెళ్లాను. పెసరట్టు పిండి రుబ్బి చెరువు నిండా పోసినట్టుంది. గాలి దాన్నంతా మేమున్న గట్టుకే తోసింది. అంచున అది మీగడ కట్టి, ఎండిన చోట నీలంగా, తెల్లగా పొరలు పొరలుగా లేచింది. మధ్యమధ్య చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఆ నీళ్ల మీద ఒక్క కొంగ కూడా వాలలేదు.

పశువుల డాక్టరు అప్పటికే వచ్చి సీసాల్లో నీళ్లు పట్టిస్తున్నాడు. వరంగల్ వైపు మనిషి, నిదానస్తుడు. నేను అడిగినవాటికి విసుగు లేకుండా చెప్పాడు. మురుగు కాల్వల నీళ్లు, సబ్బు నురగ, పేడ అన్నీ వచ్చి చెరువులోనే పడతాయి. నాచుకు అవన్నీ కూర్చోబెట్టి పెట్టే భోజనాలు. ఎండాకాలం నీళ్లు తగ్గి, వేడెక్కి, కదలకుండా ఉంటే అది విరగబడి పెరుగుతుంది. రాత్రిపూట నీళ్లలో ఉన్న ప్రాణవాయువు అదే పీల్చేస్తుంది, చచ్చి కుళ్లేటప్పుడు మిగిలింది కూడా అయిపోతుంది. తెల్లవారేసరికి చేపలు ఊపిరాడక తేలతాయి. చేపలు పోతే వాటిని తినే పిట్టలు పోతాయి. ఇది చాలదన్నట్టు ఈ నాచులో కొన్ని జాతులకు విషం కూడా ఉంటుంది.

"ఏది విషపుదో చూస్తే తెలియదా?" అని అడిగాను.

"తెలవదు పంతులుగారూ. కాచినా పోదు. అందుకే అన్నిటినీ విషమనే అనుకోవాలె. ఇంకొంచెం సేపైతే బర్రెలు నీళ్లకు వస్తయ్. అంతలోపల అందరికీ చెప్పాలె."

రాజలింగం చాకలి రేవు వైపు బయల్దేరాడు. బజారు వైపు నేను చెబుతానన్నాను. ఇన్నాళ్లకు నా హిందీకి ఒక ప్రయోజనం దొరికింది.

"బావా, ఉత్తగ 'కాయీ' అను, సాలు. గీడ అందరికీ గదే ఎరుక" అన్నాడు రాజలింగం వెళ్తూ వెళ్తూ.

"కాయలు చెట్టుకు కాస్తాయి, చెరువుకు కాయవు. నాచును హిందీలో 'శైవాల్' అంటారు. నేను పిల్లలకు డిక్టేషన్ ఇచ్చే మాట అది."

"నీ ఇష్టం బావా. శైవాల్ అంటే గీడ శివాలయం జూపిస్తరు."

నాచ్

సరిగ్గా అదే జరిగింది.

నాలుగు దార్ల కూడలిలో సైకిల్ షాపు అరుగెక్కి, "సజ్జనో! సరోవర్ మే విషైలా శైవాల్ ఉత్పన్న్ హుఆ హై!" అని ప్రకటించాను. సైకిల్ షాపాయన ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. తలెత్తి, "శివాలా? పీఛేకీ గల్లీ మే హై సాబ్" అని దారి చూపించాడు. పక్కనే కూరగాయలు ఏరుతున్న ముసలమ్మ, "చెప్పులు బయట ఇడిసిపో బిడ్డా, పోతయ్" అని జాగ్రత్త కూడా చెప్పింది.

రెండోసారి చెప్పాను. మూడోసారి చెప్పాను. అంతలో వీధి చివర గేదెల మంద కనిపించింది, నేరుగా చెరువు వైపే వస్తోంది. బావ చెప్పిన మాట నాలుక చివరే ఉంది. బజారు మాట అని తీసిపారేసిన మాట కదా, పిలిస్తే రాలేదు. హడావుడిలో పుస్తకం హిందీ అంతా ఎగిరిపోయి తల్లి భాష ఒక్కటే మిగిలింది.

"తలాబ్ మే నాచ్! నాచ్! బహుత్ నాచ్! భయంకర్ నాచ్!"

సైకిల్ షాపాయన ట్యూబు వదిలేశాడు.

"నాచ్? కౌన్ నాచ్‌రా?"

"మాలూమ్ నై భాయ్, భయంకర్ బోల్‌రై సాబ్!"

ఎవరు ఆడుతున్నారో తెలియదు గాని భయంకరమైన ఆట అని వార్త నా కళ్లముందే వీధి మలుపు తిరిగింది. ఎవరో "టికెట్ హై క్యా?" అని అరిచారు. నేను రెండు చేతులూ ఊపుతూ "నహీఁ! నహీఁ!" అన్నాను. వెళ్లొద్దని నా భావం. టికెట్ లేదని వాళ్లకు అర్థమైంది. దుకాణాల తలుపులు టపటపా మూసుకున్నాయి. నేను దారికి అడ్డంగా నిలబడి "జానా నక్కో! జానా నక్కో!" అని మొత్తుకున్నాను. ఒక పహిల్వాన్ నన్ను రెండు చంకల కింద పట్టుకుని, పక్కన పెట్టి, తన స్నేహితుడితో అన్నాడు:

"నక్కో బోల్‌రై తో జరూర్ అచ్ఛా నాచ్ రైంగా!"

వద్దంటున్నాడంటే చాలా మంచి నాచే అయి ఉండాలట.

చెరువు గట్టు నిండిపోయింది. పల్లీలవాడు గంప దించాడు. మిర్చీ బజ్జీల బండి కూడా తోసుకుంటూ వచ్చారు. గేదెలు జనం వెనకాలే ఆగిపోయాయి, నీళ్లకు దారి లేక. మా ఊళ్లో నేను చెప్పిన కథలో ఆ గేదెల్ని నేను కాపాడాను. నిజానికి కాపాడింది బజ్జీల బండి.

"నాచ్ కిధర్ హై?" అని అందరూ నన్నే అడిగారు.

రాజలింగం రేవు నుంచి రొప్పుతూ వచ్చాడు. "ఏంది బావా గీ లొల్లి? ఏం జెప్పినవ్?"

"నాచు ఉందని చెప్పాను."

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "నాచ్ అంటే ఆట గదా బావా! హిందీ పంతులువైతివి!"

ఆ మాట ముందు వరసకు వినబడింది. అర్థం కావడానికి క్షణం పట్టింది. తరువాత గట్టంతా నవ్వు. "ఐతే మీరే నాచో పండిత్‌జీ!" అని ఎవరో అన్నారు, మిగతావాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు. ఈ సంగతి కూడా నేను ఊళ్లో చెప్పలేదు. అడుగు కదిపితే వదిలేస్తారేమోనని రెండు అడుగులు వేశాను కూడా.

డాక్టరు ఒక టాంగా మెట్టెక్కి, చక్కటి ఉర్దూలో, ఈ నీళ్లలో జహర్ ఉంది, పశువుల్ని పిల్లల్ని దూరంగా ఉంచండి అని చెప్పాడు. నవ్వులు ఆగాయి. అప్పుడుగాని వాళ్లు చేపల్ని చూడలేదు. తల్లులు పిల్లల్ని చంకనెత్తుకున్నారు.

ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి జుర్రున నీళ్లు తాగుతున్న చప్పుడు వినిపించింది.

మోకాళ్ల లోతు నీళ్లలో మలాయి. గులాబి ముక్కు ఆకుపచ్చగా ఉంది. డాక్టరు ఎక్కిన టాంగా ఖాసిం భాయ్‌దే. బుర్ఖాల్లో ఉన్న ఆడవాళ్లను నాచ్ చూపిద్దామని ఎక్కించుకొచ్చాడు. అంతకుముందు ఎక్కిన ప్రయాణికుడి సామాను బండి కింద కట్టడానికి చోటు కావాలని ఆ రోజు బకెట్టు స్టాండులోనే వదిలేశాడు. జనం లేని గట్టు చివర బండి ఆపి, అంత దూరం ఎండలో లాక్కొచ్చింది కదా అని గుర్రాన్ని విప్పి, తను కూడా జనంలో దూరి మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నాడు.

బొగ్గు

"కట్టెబొగ్గు మెత్తగ నూరి నీళ్లల్ల కలిపి తాపాలె. ఇప్పుడే. ఎంత పనిచేస్తదో చెప్పలేను" అన్నాడు డాక్టరు. దవాఖానాలో ఉన్న మందు బొగ్గు గుర్రానికి ఏ మూలకూ రాదు. నేను కబాబుల కొట్టుకు పరుగెత్తాను. ఈసారి ఏ భాషా వాడకుండా బొగ్గు బస్తా చూపించి, గుర్రంలా సకిలించాను. "మలాయికా? లేజా, లేజా!" అని అర బస్తా నా భుజాన ఎత్తాడు ఆయన.

మా చెల్లెలి రోట్లో బొగ్గు దంచాను. "రోలు కరాబు జేస్తివి అన్నయ్యా" అంటూనే అది నీళ్లు కలిపింది. వెదురు గొట్టంతో తాపబోతే మొదటి గొట్టం మలాయి నా మొహాన ఊదేసింది. రెండోది సగం తాగింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో, నాచ్ కోసం వచ్చి నిరాశపడ్డవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఆ లోటు తీరింది.

మధ్యాహ్నానికి నవ్వులు పోయాయి. మలాయి వణకడం మొదలుపెట్టి మా చెల్లెలి ఇంటి నీడలో పడుకుండిపోయింది. ఖాసిం భాయ్ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది పోతే ఆయనకు టాంగా ఉండదు, పూట గడవదు. ఇంకో గుర్రం కొనే శక్తి లేదని రాజలింగం నాకు చెవిలో చెప్పాడు. నేను గొట్టం పట్టుకుని వెళ్లినప్పుడల్లా ఆయన దాని నోరు తెరిచేవాడు. నా మొహం చూసేవాడు కాదు. ఒక్కసారి మాత్రం అన్నాడు:

"సాబ్, నీకు తెలుగు వస్తది గదా. తెలుగులనే ఒర్లితే ఏమాయె? నాకు తెలుగు వస్తదని మొదటి దినమే చెప్పిన గద."

నేను గొట్టం నింపుకురావడానికి మళ్లీ రోటి దగ్గరకు వెళ్లాను.

సగం చార్మినార్

మర్నాడు మలాయి లేచి నిలబడింది. తక్కువ తాగి ఉంటుంది, బతికింది అన్నాడు డాక్టరు. మా చెల్లెలు గుర్రానికి దిష్టి తీసి, పక్కనే ఉన్నాను కదా అని నాకూ తీసింది. ఆ తరువాతి రోజు కొత్త పీడ మొదలైంది. ఎండలోకి రాగానే మలాయి ముక్కు ఎర్రబడింది. వీపు మీద చర్మం అప్పడంలా లేచింది. నీడలోకి లాగితేగాని ఊరుకోలేదు.

విషానికి దాని కాలేయం దెబ్బతిన్నదట. పచ్చగడ్డిలో ఉండే పదార్థమేదో కాలేయం వడకట్టకపోతే రక్తంలోనే ఉండిపోయి, తెల్ల చర్మం మీద ఎండ పడ్డప్పుడు కాల్చేస్తుందట. కాలేయం కోలుకుని కొత్త చర్మం గట్టిపడడానికి నెలలు పట్టవచ్చన్నాడు డాక్టరు. నల్ల గుర్రమైతే ఇంత బాధ ఉండేది కాదని కూడా అన్నాడు.

అనకుండా ఉండాల్సింది. మిగిలిన బొగ్గంతా తడిపి నేను మలాయికి పూశాను. సగం పూయగానే అది ఒళ్లు దులుపుకుంది. మా చెల్లెలు ఆరేసిన దుప్పట్లు, బావ ఆఫీసు చొక్కా, నేను, అందరం నల్లబడ్డాం, గుర్రం తప్ప.

అప్పుడు తీశాను నా గొడుగు. పెద్ద నల్ల గుడ్డ గొడుగు. మా వైపు పెళ్లిళ్లలో గొడుగులు మారిపోతాయని కొనగానే పేరు రాయిస్తాం. దీనిమీద తెల్ల రంగుతో, ఫర్లాంగు దూరం నుంచి కనిపించేలా, 'కె. వీరభద్రరావు, హిందీ పండిట్' అని ఉంది.

మలాయిని మొఘల్‌పురాలో ఖాసిం భాయ్ ఇంటికి చేర్చాలి. టాంగాను తోటి బండివాళ్లు ముందే లాక్కెళ్లారు. ఆయన తాడు పట్టుకున్నాడు, నేను గొడుగు పట్టుకున్నాను. గుర్రం నాకంటే ఎత్తు. చెయ్యి నిలువుగా చాపి నడవాలి. కాసేపటికి దానికి సంగతి తెలిసిపోయింది. నేను వెనకబడితే ఆగేది, నేను నడిస్తే నడిచేది. "అరే, నవాబ్ సాబ్ కీ సవారీ!" అని దారిలో సలాములు చేశారు. గాజుల దుకాణాల ముందు ఒకాయన, "ఛత్రీ పట్టినవ్, చేతికి గాజులు గూడ తొడుగు సాబ్!" అన్నాడు. ఖాసిం భాయ్ గడ్డంలో నవ్వడం అప్పుడు చూశాను.

చార్మినార్ పక్క నుంచే వెళ్లాం. నాకు గొడుగు అంచు కింద నుంచి కింది సగమే కనిపించింది. తల పక్కకు వంచితే గొడుగు వంగుతుంది, గొడుగు వంగితే మలాయి వీపు మీద ఎండ పడుతుంది. మినార్ల పైభాగం గురించి మా ఊళ్లో నేను వర్ణించి చెప్పిందంతా కాలెండర్లో చూసింది.

మొఘల్‌పురాలో తెలుగు

ఖాసిం భాయ్ ఇల్లు సందు చివర. గుమ్మానికి పరదా. మేము రాగానే లోపలి నుంచి ఆయన భార్య గొంతు: "నాచ్‌వాలే సాబ్ ఆయే క్యా?"

తిడుతుందనుకున్నాను. పరదా కింద నుంచి ఒక పళ్లెం ముందుకు జరిగింది. అన్నం, పుల్లటి పప్పు. ఖట్టీ దాల్ అంటారట. మా వైపు పప్పులో పులుపు ఉంటే ముద్దగా ఉంటుంది. ఇది చారులా జారింది. నేను తింటూంటే పరదా వెనక నుంచి తెలుగులోనే ప్రశ్న వచ్చింది: "ఎండల పోకుంటే బండి ఎట్ల నడుస్తది సాబ్?"

ఖాసిం భాయ్ జవాబిచ్చాడు. "పొద్దుగాల, పొద్దుమీకి నడుపుత. మధ్యాహ్నం రైలుబండ్లకు మాత్రం కష్టమే." సవారీలు ఎక్కువగా దొరికేది ఆ వేళకే.

నేను చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకెళ్లి ఒక వెదురు బద్దకు కట్టాను. బద్దను టాంగా కర్రకు ఎట్లా బిగించాలో ఇద్దరం చూశాం. నిలబెడితే మలాయి తల నుంచి నడుము దాకా నీడ పడుతుంది.

"ఇది మలాయికే ఉంచు ఖాసిం భాయ్. నావల్ల జరిగింది" అన్నాను.

ఆయన గొడుగు వైపు కాదు, నా వైపు చూశాడు. "తెలుగు ఎట్ల వచ్చె సాబ్, ఇంత జల్ది?"

గొడుగు తిరిగొచ్చింది

ఇంటికి రాగానే మా ఆవిడ గొడుగేదని అడిగింది. నిజం చెబితే గుర్రం వస్తుంది, గుర్రం వస్తే శైవాల్ వస్తుంది, శైవాల్ వస్తే ఇరవై ఏళ్ల నా పాండిత్యం వీధిన పడుతుంది. "హైదరాబాదులో ఎవడో టాంగావాడు కొట్టేశాడు" అన్నాను. ఆ ముక్క కూడా కథలో కలిసిపోయింది. మా ఊరి నుంచి హైదరాబాదు వెళ్లేవాళ్లు గొడుగులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు.

దసరా సెలవులకు మా డ్రిల్లు మాస్టారు హైదరాబాదు వెళ్లాడు. బడి తెరిచిన రోజున స్టాఫ్‌రూములోకి వచ్చి నా గొడుగు నా బల్లమీద పడేశాడు. హెడ్మాస్టరుతో సహా అందరూ అక్కడే ఉన్నారు.

"పట్టుకున్నాను మాస్టారూ మీ దొంగని! నాంపల్లిలో దిగానో లేదో, గుర్రం నెత్తిమీద మీ పేరు. ఏరా ఇదెక్కడిదంటే, పంతులు సాబ్ ఇచ్చిండు అంటాడు. గుర్రానికి ఎవడైనా గొడుగు ఇస్తాడా? కానిస్టేబుల్ని పిలిచాను. పేరుందిగా, ఇంక సాక్ష్యం ఎందుకు?"

అందరూ నవ్వుతున్నారు. నేను అడిగాను, "ఏమన్నాడు?"

"ఏమంటాడు? 'పంతులు సాబ్ చోరీ అని చెప్పిండా?' అని అడిగాడు. చెప్పాడన్నాను. తాళ్లు విప్పి, దుమ్ము దులిపి, మడిచి చేతికిచ్చాడు."

"గుర్రం ఎలా ఉంది?"

"గుర్రమా?" డ్రిల్లు మాస్టారు తొడ చరిచాడు. "అసలు తమాషా అదే మాస్టారూ! నేను గొడుగు వేసుకుని నడుస్తుంటే బండితో సహా నా వెనకాలే వచ్చేసింది, స్టేషను గేటు దాకా! వాడు కిందికి దిగి మెడ పట్టి లాగాల్సొచ్చింది."

నవ్వులకు కిటికీ రెక్కలు కదిలాయి. నేను గొడుగు తీసుకుని హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లి రెండు రోజులు సెలవు కావాలన్నాను. ఈరోజేగా బడి తెరిచింది, ఏమిటంత అవసరం అన్నాడాయన. గొడుగు ఇచ్చిరావాలి అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని, గుడ్డమీద తెల్ల అక్షరాలు పైకే చదివాడు. "ఇది మీ గొడుగే కదండీ?"

"పేరు నాదండీ" అన్నాను, స్టాఫ్‌రూమంతా వినేలా. "గొడుగు గుర్రానిది."